వెనక సిలిండరే కొలమానం

రెండు సిలిండర్లున్న మోటారు సైకిల్ ఇంజన్‌లో ఆ రెండూ ఒకేలా పనిచేస్తాయనీ, ఒకేలా అరుగుతాయనీ అనుకుంటాం. రెంటికీ ఒకే సైజు పిస్టన్, ఒకే ట్యాంకులోని పెట్రోలు, ఒకే ఆయిలు. అయినా వీ-ట్విన్ ఇంజన్ దగ్గర ఈ లెక్క తప్పుతుంది. ఒకే క్రాంక్ మీద నుంచి 'వీ' అక్షరంలా రెండు సిలిండర్లు విచ్చుకుని నిలబడే ఈ ఇంజన్‌లో, చాలా బళ్లకు ఒకటి ముందు ఉంటే రెండోది దాని వెనక ఉంటుంది. ముందుదానికి ఎదురుగాలి తాజాగా తగులుతుంది. వెనకదానికి అందేది ముందుదాన్ని ఒరుసుకుని వేడెక్కి, వేగం తగ్గి, సుడులు తిరిగిన గాలి. టేబుల్ ఫ్యాన్‌కు అడ్డంగా ఒకరు కూర్చుంటే వాళ్ల వెనక కూర్చున్న మనిషికి ఏ మాత్రం గాలి తగులుతుందో, వెనక సిలిండర్‌కూ అంతే. వీ-ట్విన్‌ను చల్లబరచడంలో వచ్చే ఇబ్బందుల్లో చాలా భాగం, దాన్ని బాగు చేయించుకోవడంలో వచ్చే ఇబ్బందుల్లో కొంత భాగం ఈ ఒక్క తేడాలోంచే పుట్టాయి. ఇది ఎవరో చేసిన తయారీ లోపం కాదు, ఆకారం తెచ్చిన ఫలితం. అందుకే ఈ ఇంజన్‌ను కాపాడుకోవాలంటే సగటు వేడినీ, తిరిగిన కిలోమీటర్లనూ నమ్ముకుంటే చాలదనీ, అందులో అన్నిటికంటే వేడెక్కే చోటునే కొలతగా పెట్టుకోవాలనీ నా వాదన.

ముందు వేడి ఎక్కడి నుంచి వస్తుందో, ఎటు పోతుందో చూద్దాం. పెట్రోలు మండి ఇచ్చే శక్తిలో స్థూలంగా మూడో వంతు చక్రాన్ని తిప్పే పనిగా మారుతుంది. మరో మూడో వంతు పొగతో పాటు సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. మిగిలినది సిలిండర్ గోడల్లోకీ, పిస్టన్‌లోకీ, పైన మూతలా ఉండే హెడ్‌లోకీ చేరుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు బయటికి పంపడమే చల్లబరిచే ఏర్పాటు చేసే పని. మంట రేగిన క్షణంలో లోపలి వాయువుల ఉష్ణోగ్రత 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అల్యూమినియం కరగడానికి 660 డిగ్రీలు చాలు. అయినా ఇంజన్ కరగకుండా ఉండడానికి కారణం, మంట క్షణకాలమే ఉండి వెంటనే తాజా గాలీ పెట్రోలూ లోపలికి రావడం, ఈలోగా లోహం గుండా వేడి బయటికి పారుతూ ఉండడం. ఈ పారుదల అన్ని చోట్లా ఒకేలా ఉండదు. ఇన్‌టేక్ వాల్వు మీదుగా ప్రతిసారీ చల్లని మిశ్రమం వెళుతుంది. ఎగ్జాస్ట్ వాల్వు మీదుగా మాత్రం మండిన వాయువులే వెళతాయి. అది మూసుకుని తన సీటును తాకి ఉన్నంతసేపే తన వేడిని హెడ్‌కు అప్పగించగలదు. అందుకే హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వు చుట్టుపక్కల భాగం అన్నిటికంటే వేడిగా ఉంటుంది. అక్కడ వేడి హద్దు దాటితే స్పార్క్ పడకముందే, లేదా పడ్డాక అదుపు తప్పి, మిశ్రమం తనంతట తానే అంటుకుని పిస్టన్ మీద సుత్తిదెబ్బ వేస్తుంది. వాల్వు సీటు తింటుంది, గ్యాస్కెట్ నలుగుతుంది, ఆయిలు మాడి రింగుల గాడుల్లో గట్టిపడుతుంది.

ఇన్ని ఇబ్బందులు తెచ్చే ఆకారాన్ని ఎందుకు ఎంచుకున్నారు? సైకిల్ ఫ్రేమ్‌లో ఉన్న చోటు వల్ల. అమెరికాలోని మిల్వాకీలో 1903లో మొదలైన హార్లే-డేవిడ్‌సన్ 1909లో తన మొదటి వీ-ట్విన్‌ను తెచ్చింది. అప్పటికి ఆ కంపెనీ బళ్లన్నీ ఒక సిలిండర్‌వే. ఆ ఒక్కదాని క్రాంక్‌కేస్ మీదే రెండో సిలిండర్‌ను వాల్చి పెడితే, ఫ్రేమ్ మధ్య ఉన్న ఖాళీలో ఇంజన్ ఇమిడిపోతుంది, బలం దాదాపు రెట్టింపవుతుంది, వెడల్పు మాత్రం పెరగదు. రెంటి మధ్య కోణం 45 డిగ్రీలు. రెండు కనెక్టింగ్ రాడ్లూ ఒకే క్రాంక్‌పిన్‌ను పట్టుకుంటాయి. అందులో ఒక రాడ్ చివర చీలి ఉంటుంది, రెండోది ఆ చీలిక మధ్యలో ఇముడుతుంది. దీనివల్ల రెండు సిలిండర్లూ కచ్చితంగా ఒకే గీత మీద, ఒకదాని వెనక ఒకటి నిలుస్తాయి. పక్కపక్కన రాడ్లు పెట్టే ఇంజన్లలో వెనక సిలిండర్ కనీసం ఒక రాడ్ మందం మేర పక్కకు జరిగి ఉంటుంది. ఇక్కడ ఆ కాస్త వెసులుబాటు కూడా లేదు. పైగా రెండు హెడ్‌లకూ మధ్యనే కార్బురేటర్ పెట్టారు కాబట్టి పొగగొట్టాలు బయటి వైపులకు వచ్చాయి. ముందు సిలిండర్ ఎగ్జాస్ట్ వైపు గాలికి ఎదురుగా నిలిచింది. వెనకదాని ఎగ్జాస్ట్ వైపు గాలి చాటున పడింది. ఇంజన్ మొత్తంలో ఎక్కువ చల్లదనం కావలసిన చోటే తక్కువ గాలి ఆడే చోటయింది.

ఈ తేడా ఎంతటిదో చిన్న లెక్కతో అంచనా వేయవచ్చు. వేడి లోహం గాలికి వదిలే ఉష్ణం మూడింటి మీద ఆధారపడుతుంది: గాలికి తగిలే ఉపరితలం ఎంత, లోహానికీ గాలికీ మధ్య ఉష్ణోగ్రత తేడా ఎంత, గాలి ఎంత వేగంగా ఒరుసుకుపోతోంది. హెడ్ ఉపరితలం 180 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. చలికాలం పొద్దున గాలి 20 డిగ్రీలుంటే తేడా 160. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో గాలి 45 డిగ్రీలుంటే తేడా 135. అంటే ఎండ వల్ల చల్లబడే శక్తి సుమారు 16 శాతం తగ్గింది. ఇప్పుడు ముందు సిలిండర్‌ను దాటేటప్పటికి అదే గాలి మరో 30 డిగ్రీలు వేడెక్కిందనుకుంటే, వెనక సిలిండర్ దగ్గర తేడా 105కి దిగుతుంది. అంటే ముందు సిలిండర్‌కు దొరికిన దానికంటే ఇంకో 22 శాతం తక్కువ. గాలి వేగం తగ్గడం దీనికి అదనం. ఇక బండి ఆగితే? కదలని గాలిలో లోహం వేడిని వదిలే రేటు ఎదురుగాలిలో ఉన్న రేటులో అయిదో వంతుకో పదో వంతుకో పడిపోవచ్చు. ఇంజన్ మాత్రం న్యూట్రల్‌లో తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు చక్రానికి పనేమీ అందదు కాబట్టి, కాలిన కొద్దిపాటి పెట్రోలు శక్తి అంతా ఏదో ఒక రూపంలో వేడిగానే తేలుతుంది. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే మనం మామూలుగా అనుకునేదానికి భిన్నమైన సంగతి బయటపడుతుంది. వీ-ట్విన్‌కు మొదటి శత్రువు ఎండ కాదు, ఆగి ఉండడం. రెండో శత్రువు దాని ముందు సిలిండరే. ఎండది మూడో స్థానం.

ఇది కాగితం మీది ఊహ కాదనడానికి తయారీదార్ల చరిత్రే సాక్ష్యం. నూరేళ్లకు పైగా హార్లే ఇంజన్లలో వచ్చిన పెద్ద మార్పుల్ని వరసగా చూస్తే వాటిలో చాలావాటి వెనక వేడి కనిపిస్తుంది. మొదటి దశాబ్దాల్లో ఆయిలు ఒకసారి ఇంజన్‌లోకి వెళ్లి కాలిపోవడమో కారిపోవడమో జరిగేది. 1936లో వచ్చిన ఇంజన్‌లో ఆయిలు ట్యాంకుకు తిరిగి వచ్చి మళ్లీ ప్రయాణించే ఏర్పాటు చేశారు. దాంతో ఆయిలు కందెనే కాక వేడిని మోసుకుపోయే ద్రవం కూడా అయింది. 1948లో ఇనుప హెడ్‌ల స్థానంలో అల్యూమినియం హెడ్‌లు వచ్చాయి. అల్యూమినియం మిశ్రమాలు పోత ఇనుముకంటే కొన్ని రెట్లు త్వరగా వేడిని పారిస్తాయి. వాటితో పల్చటి, లోతైన రెక్కలు పోత పోయవచ్చు. 1984లో సిలిండర్లు కూడా అల్యూమినియానివే అయ్యాయి. ఈ మార్పు ఎందుకు అవసరమో పరుగుపందేల బండి ఒకటి అంతకుముందే చూపించింది. 1970లో హార్లే తెచ్చిన ఎక్స్‌ఆర్-750 ఇనుప హెడ్‌లతో, ఇనుప సిలిండర్లతో వచ్చి విపరీతంగా వేడెక్కి పందేల్లో నిలవలేకపోయింది. 1972లో అదే బండికి అల్యూమినియం హెడ్‌లు, సిలిండర్లు వేసి, రెండు పొగగొట్టాలనూ ముందు వైపుకు తిప్పారు. అది అమెరికా మట్టిబాట పందేల చరిత్రలో ఎదురులేని బండిగా నిలిచింది. మార్చిన వాటిలో ముఖ్యమైనవి లోహం, గాలి దారి.

లోహం మార్పు మరో చిక్కును కూడా విప్పింది. అల్యూమినియం వేడికి ఇనుముకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 100 మిల్లీమీటర్ల పిస్టన్ వంద డిగ్రీలు వేడెక్కితే 0.23 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంతే వేడికి ఇనుప సిలిండర్ పెరిగేది సుమారు 0.12 మాత్రమే. పిస్టన్‌కూ గోడకూ మధ్య వదిలే సందు మిల్లీమీటరులో పదో వంతు లోపే కాబట్టి ఈ తేడా చిన్నదేమీ కాదు. సందు తక్కువ వదిలితే వేడెక్కినప్పుడు పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువ వదిలితే చల్లగా ఉన్నప్పుడు గలగలలాడి ఆయిలు పైకి ఎక్కుతుంది. గాలితో చల్లబడే ఇంజన్ ఉష్ణోగ్రత చలికాలపు పొద్దుటికీ వేసవి ట్రాఫిక్‌కూ మధ్య విపరీతంగా మారుతుంది కాబట్టి, రూపకర్త ఎప్పుడూ రెంటికీ మధ్య రాజీ పడాల్సిందే. వీ-ట్విన్‌లో ఈ రాజీ ఇంకా కష్టం. ముందు సిలిండర్‌కు సరిపోయిన సందు వెనకదానికి చాలకపోవచ్చు. కానీ పిస్టన్లు రెంటికీ ఒకటే. అందుచేత వెనక సిలిండర్‌ను మనసులో పెట్టుకుని ఇంజన్ మొత్తాన్ని కాస్త వదులుగా, కాస్త తక్కువ కంప్రెషన్‌తో, తక్కువ వేగంతో తిరిగేలా కట్టడం చాలాకాలం పాటు ఆనవాయితీగా సాగింది.

ఎలక్ట్రానిక్స్ వచ్చాక ఈ తేడాను తయారీదారే బాహాటంగా ఒప్పుకున్నట్టయింది. హార్లే పెద్ద బళ్లలో ఒక ఏర్పాటు ఉంది: ఇంజన్ బాగా వేడెక్కి బండి ఆగి ఉంటే, వెనక సిలిండర్‌కు పెట్రోలు ఆపేస్తుంది. అప్పుడు అది మండకుండా ఊరికే గాలిని పీల్చి వదులుతూ చల్లబడుతుంది. ముందు సిలిండర్ ఒక్కటే ఇంజన్‌ను తిప్పుతూ ఉంటుంది. 2014లో కొన్ని బళ్లకు హెడ్‌లలో ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ మాత్రమే కూలెంట్ తిరిగేలా చేశారు. బయటికి చూస్తే రెక్కల ఇంజన్ అలాగే ఉంటుంది, లోపల అత్యంత వేడి చోటుకు మాత్రం నీటి సాయం అందుతుంది. 2017 మోడళ్లతో వచ్చిన మిల్వాకీ-ఎయిట్ ఇంజన్‌లో కొన్నిటికి కూలెంట్‌తోనూ, మిగిలినవాటికి ఆయిలుతోనూ అదే చోటును చల్లబరుస్తున్నారు. న్యూట్రల్‌లో తిరిగే వేగాన్ని నిమిషానికి 850 తిరుగుళ్లకు తగ్గించారు. నడిపేవాళ్ల కాలికి వేడి తగలకుండా వెనక పొగగొట్టం దారినీ, పొగను శుద్ధి చేసే కెటాలిస్ట్ చోటునూ మార్చారు. ఈ మార్పులన్నీ ఇంజన్ మొత్తాన్ని సమానంగా చల్లబరచాలని చేసినవి కావు. ఏ చోట వేడి అదుపు తప్పుతుందో గుర్తించి, ఆ చోటికే సాయం పంపినవి. తయారీదారు పాటించిన ఈ పద్ధతినే బండి ఉన్నవాళ్లూ పాటించాలని నేనంటున్నాను.

ఆకారాన్నే మార్చి సమస్యను తప్పించుకోవచ్చు కదా అని కొందరు ఇటలీ ఇంజనీర్లు ఆలోచించారు. ఫాబియో తాల్యోనీ 1970ల మొదట్లో డుకాటీ కోసం చేసిన ఇంజన్‌లో కోణం 90 డిగ్రీలు. ముందు సిలిండర్ దాదాపు నేలకు సమాంతరంగా పడుకుంటుంది, వెనకది దాదాపు నిటారుగా నిలుస్తుంది. దాంతో వెనకదానికి కూడా గాలి నేరుగా తగిలే దారి దొరికింది. పైగా ఒకే క్రాంక్‌పిన్ మీద 90 డిగ్రీల కోణం ఉంటే పిస్టన్ల ప్రధాన కుదుపును క్రాంక్ మీది ప్రతిబరువుతోనే పూర్తిగా సరిదిద్దవచ్చు. కానీ ఇంజన్ పొడవైంది, ముందు చక్రాన్ని ముందుకు నెట్టాల్సి వచ్చింది, పడుకున్న హెడ్ చక్రం చిమ్మే బురదకు ఎదురయింది. మోటో గుజ్జీ కోసం కార్కానో రూపొందించి 1967లో అమ్మకానికి వచ్చిన వీ7 ఇంజన్‌ది ఇంకో దారి. వీ ఆకారాన్ని బండికి అడ్డంగా తిప్పి, రెండు సిలిండర్లనూ చెరో పక్కకు గాలిలోకి చాచారు. చల్లదనం వరకు ఇంతకంటే న్యాయమైన పంపకం లేదు. వాల్వుల సందు సరిచేయడానికి రెండు హెడ్‌లూ చేతికి అందుతాయి. దానికి బదులుగా వెడల్పు పెరిగింది, మోకాళ్ల దగ్గరికి వేడి వచ్చింది. ఆకారం ఏదైనా దాని ఖరీదు ఎక్కడో ఒకచోట కట్టక తప్పలేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. గాలితో చల్లబడే వీ-ట్విన్‌లు వందేళ్లకు పైగా అమెరికా ఎడారి రోడ్ల మీద కూడా లక్షల కిలోమీటర్లు తిరిగాయి. సమస్య ఇంత పెద్దదైతే అవి ఎలా బతికాయి? ప్రశ్న న్యాయమైనదే. జవాబు పై లెక్కలోనే ఉంది. ఎడారి రోడ్డు మీద ఎండ ఉంటుంది కానీ ఆగడం ఉండదు. గంటకు వంద కిలోమీటర్ల ఎదురుగాలి ఎండ దెబ్బను సులువుగా పూడుస్తుంది. పైగా ఆ ఇంజన్లు బతికింది తమ పరిమాణానికి తగినంత బలం తీయకుండా ఉండడం వల్ల. దాదాపు 1,750 సీసీ ఇంజన్ నుంచి అందులో సగం పరిమాణం ఉన్న నీటి ఇంజన్ ఇచ్చేపాటి హార్స్‌పవర్ తీసుకుని సరిపెట్టుకుంటే లోహానికి ఊపిరి ఆడుతుంది. అదీ కాక పాతకాలంలో మిశ్రమాన్ని కాస్త పెట్రోలు ఎక్కువగా ఉంచి నడిపేవాళ్లు. ఎక్కువైన పెట్రోలు ఆవిరవుతూ కొంత వేడిని లాగేసుకునేది. పొగ నిబంధనలు బిగిశాక ఆ వెసులుబాటు పోయింది. కెటాలిస్ట్ సరిగా పనిచేయాలంటే మిశ్రమం కచ్చితమైన పాళ్లలో ఉండాలి, ఆ పాళ్లలో ఇంజన్ మరింత వేడిగా నడుస్తుంది. యూరప్‌లో యూరో 5 నిబంధనలు వచ్చినప్పుడు గాలితో చల్లబడే హార్లే స్పోర్ట్‌స్టర్ అక్కడి అమ్మకాల నుంచి తప్పుకుంది. హార్లే మన దేశంలో మొదటి డీలర్‌షిప్‌ను 2010లో హైదరాబాద్‌లో తెరిచింది. పొడవైన ఖాళీ రోడ్ల కోసం పెరిగిన ఇంజన్, సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగే నగరంలోకి వచ్చి పడింది. ఎడారిలో నిరూపించుకున్న మన్నికను ట్రాఫిక్‌లో మన్నికకు హామీగా తీసుకోవడం తగదు.

రెండో అభ్యంతరం: రేడియేటర్ పెడితే ఇదంతా తీరిపోతుంది కదా? నిజమే, చాలావరకు తీరుతుంది. ఒకే ఘనపరిమాణంలో నీరు గాలికంటే దాదాపు 3,500 రెట్లు ఎక్కువ వేడిని మోయగలదు. ముందు వెనకల తేడా లేకుండా రెండు హెడ్‌ల చుట్టూ అదే కూలెంట్ తిరుగుతుంది. పోర్షే సాయంతో 2001లో హార్లే తెచ్చిన వీ-రాడ్, హర్యానాలోని బావల్‌లో తయారైన స్ట్రీట్ 750, 2021 నాటి పాన్ అమెరికా ఈ దారినే పట్టాయి. మూడింటిలోనూ కోణాన్ని 60 డిగ్రీలకు పెంచారు. కానీ నీరు వేడిని మాయం చేయదు, మోసుకుపోతుందంతే. మోసిన వేడిని మళ్లీ గాలికే ఇవ్వాలి. ఆ పని చేసే రేడియేటర్‌కు వీ-ట్విన్‌లో చోటు దొరకడం కష్టం. ఇంజన్ పొడవుగా ఉండి ముందు చక్రం దగ్గరికి వచ్చేస్తుంది కాబట్టి మిగిలే ఇరుకు చోటులోనే రేడియేటర్‌ను ఇరికించాలి, లేదా పక్కలకు జరపాలి. బండి ఆగితే ఫ్యాన్ తిరిగి వేడిగాలిని నడిపేవాళ్ల కాళ్ల మీదికి తోస్తుంది. వెనక సిలిండర్ పొగగొట్టం ఎలాగూ సీటు కిందే ఉంటుంది. అంటే లోహానికి దక్కిన న్యాయం మనిషికి దక్కలేదు. పైగా పంపు, థర్మోస్టాట్, గొట్టాలు, ఫ్యాన్, తుప్పు పట్టనివ్వని రసాయనాలు కాలంతో శక్తి కోల్పోయే కూలెంట్, ఇవన్నీ కొత్త బాధ్యతలు. గాలి ఇంజన్ పాడయ్యే ముందు మెల్లగా హెచ్చరిస్తుంది. నీటి ఇంజన్‌లో ఒక గొట్టం పగిలితే నిమిషాల్లో హెడ్ వంగిపోవచ్చు. నీరు సమస్యను చిన్నది చేసి, దాని చోటు మార్చింది.

ఇప్పుడు మెయింటెనెన్స్‌కు వద్దాం. సర్వీసు పుస్తకాలు సాధారణంగా కిలోమీటర్లలో మాట్లాడతాయి. హార్లే పెద్ద బళ్లకు ఆయిలు మార్పు మామూలుగా 8,000 కిలోమీటర్లకు ఒకసారి. ఇందులో ఒక ఊహ దాగి ఉంది, బండి ఒక మోస్తరు వేగంతో నడుస్తుందన్న ఊహ. సగటున గంటకు 50 కిలోమీటర్ల చొప్పున నడిస్తే ఆ దూరానికి 160 గంటలు పడుతుంది. నగరంలో సగటు 15కి పడితే అదే దూరానికి 533 గంటలు. అంటే అదే ఆయిలు మూడు రెట్లకు పైగా కాలం పనిచేసింది, అదీ గాలి ఆడని వేడిలో. ఆయిలు చెడిపోవడానికి ప్రధాన కారణం ఆక్సీకరణ. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినకొద్దీ ఆ చర్య వేగం సుమారు రెట్టింపవుతుందన్నది రసాయనశాస్త్రంలో అందరూ వాడే స్థూల సూత్రం. దూరం ఒకటే అయినా ఆయిలు గడిపిన జీవితం ఒకటి కాదు. గాలితో చల్లబడే ఇంజన్‌లో ఆయిలే రెండో చల్లబరిచే ద్రవం కాబట్టి, దాని శక్తి తగ్గితే మొదట దెబ్బతినేది వెనక హెడ్. అందువల్ల ట్రాఫిక్‌లో తిరిగే బండికి పుస్తకంలోని దూరాన్ని సగానికి తగ్గించుకోవడం డబ్బు దండుగ కాదు. ఆయిలు మట్టం కాస్త తగ్గినా ఉపేక్షించకూడదు, ఎందుకంటే తగ్గిన ప్రతి చుక్కా వేడిని మోసే సామర్థ్యంలో కోతే. రెక్కల మధ్య పేరుకున్న మట్టీ ఆయిలు జిడ్డూ కలిసి వేడికి దుప్పటి కప్పినట్టే. వాటినీ, రేడియేటర్ జాలీనీ శుభ్రంగా ఉంచడం అందచందాల పని కాదు, ఇంజన్ పని.

పొద్దున బండి స్టార్టు చేసి చాలాసేపు నిలబెట్టి వేడెక్కించడం, ప్రయాణం చివర ఆపే ముందు కాసేపు న్యూట్రల్‌లో తిప్పి "చల్లబరచడం" అనే అలవాట్లను కూడా ఈ లెక్కతోనే తూచాలి. గాలి ఇంజన్‌ను నిలబెట్టి తిప్పితే చల్లబడదు, వెనక సిలిండర్ ఇంకా వేడెక్కుతుంది. చల్లబరచాలంటే చివరి కిలోమీటరు నెమ్మదిగా, ఇంజన్‌ను లాగించకుండా నడపాలి. సిగ్నల్ దగ్గర నిమిషం దాటి ఆగాల్సి వస్తే ఇంజన్ ఆపేయడమే మేలు. ఆపగానే హెడ్ వేడి కాసేపు అలాగే ఉంటుంది నిజమే, కానీ కొత్త వేడి పుట్టడం ఆగుతుంది.

వీ-ట్విన్ మరమ్మతు ఖరీదుకు రెండో కారణం, అన్నీ రెండేసి ఉండడం. పక్కపక్కన రెండు సిలిండర్లు ఉన్న ప్యారలల్ ట్విన్‌లో ఒకే హెడ్, ఒకే గ్యాస్కెట్, క్యామ్‌లను తిప్పే ఏర్పాటు ఒకటే. వీ-ట్విన్‌లో హెడ్‌లు రెండు, గ్యాస్కెట్లు రెండు, క్యామ్‌లు హెడ్‌లోనే ఉంటే వాటిని తిప్పే చైన్లో బెల్టులో కూడా రెండు. పైగా వెనక హెడ్ ట్యాంకు కిందా సీటు కిందా దాక్కుంటుంది. చాలా బళ్లలో వెనక స్పార్క్ ప్లగ్ తీయడానికే ట్యాంకు ఎత్తాలి. డుకాటీలో వాల్వును తెరవడానికి ఒక రాకర్, మూయడానికి మరో రాకర్ ఉంటాయి, స్ప్రింగు మీద ఆధారపడరు. నాలుగు వాల్వుల హెడ్‌లు రెండుంటే మొత్తం పదహారు సందులు కొలవాలి. అందుకే అక్కడ సర్వీసు ఖర్చు పేరుమోసింది. అదే కంపెనీ 2020లో తెచ్చిన వీ4 గ్రాన్‌టూరిస్మో ఇంజన్‌లో స్ప్రింగులకు మారి, వాల్వుల తనిఖీని 60,000 కిలోమీటర్లకు పెంచగలిగింది. హార్లే ఆయిలు ఒత్తిడితో తమంతట తామే సందు సరిచేసుకునే లిఫ్టర్లు వాడి ఈ పనినే తప్పించింది. అలాగని అక్కడ చూడాల్సినవి లేకపోలేదు. 1999 నుంచి కొన్నేళ్లు వచ్చిన ట్విన్ క్యామ్ ఇంజన్లలో టైమింగ్ చైన్‌ను బిగువుగా ఉంచే ప్లాస్టిక్ పట్టీలు అరిగి, ఆ ముక్కలు ఆయిలు పంపు దాకా వెళ్లిన సందర్భాలున్నాయి. అవి ఒక్కో బండిలో ఒక్కోలా అరిగేవి కాబట్టి, తెరిచి చూస్తే తప్ప అంకెల్ని బట్టి చెప్పడం కుదరదు.

అన్నీ రెండేసి ఉండడంలో ఒక లాభం కూడా ఉంది, దాన్ని మనం వాడుకోవడం లేదు. ప్రతి వీ-ట్విన్ తనను తాను పోల్చి చూసుకునే పరికరం. ఒకే పెట్రోలు, ఒకే ఆయిలు, ఒకే వయసు ఉన్న రెండు సిలిండర్లలో ఒకటి తక్కువ వేడిలో, ఒకటి ఎక్కువ వేడిలో బతికాయి. కాబట్టి రెండు స్పార్క్ ప్లగ్‌లను పక్కపక్కన పెట్టి రంగు చూడాలి. రెండింటి కంప్రెషన్ కొలిచి రాసి పెట్టుకోవాలి. ఒక్కసారి వచ్చిన అంకె కంటే, రెంటి మధ్య తేడా ఏడాదికేడాది పెరుగుతోందా లేదా అన్నదే ముఖ్యం. ముందుదాని అంకె నిలకడగా ఉండి వెనకదానిది జారుతుంటే, ఇంజన్ ఇంకా బాగానే నడుస్తున్నా వేడి తన పని మొదలుపెట్టిందని అర్థం. ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లలో రెండు సిలిండర్లకూ వేరువేరు పెట్రోలు పాళ్లు, వేరువేరు స్పార్క్ సమయాలు ఉంటాయి. సైలెన్సర్ మార్చి ఆ లెక్కను సరిచేయించకుండా వదిలేస్తే మిశ్రమం పలచబడి ఆ భారం కూడా వెనక హెడ్ మీదే పడుతుంది. మన ఊళ్ల షెడ్లలో మంచి మెకానిక్‌లకు కొదవ లేదు. కాకపోతే ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకరిని పరీక్షించి ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారని చెప్పే పద్ధతి, అందులోనూ చేతికందే ముందు సిలిండర్‌నే పరీక్షించే పద్ధతి మానాలి.

చివరి అభ్యంతరం ఇంత శ్రమ ఎందుకన్నది. ప్యారలల్ ట్విన్‌లో క్రాంక్‌పిన్లను 270 డిగ్రీల తేడాతో పెడితే 90 డిగ్రీల వీ-ట్విన్ మోతా లయా వచ్చేస్తాయి. 1995లో యమహా టీఆర్ఎక్స్850 ఈ దారి చూపింది. చెన్నైలో తయారయ్యే రాయల్ ఎన్‌ఫీల్డ్ 650లు 2018 నుంచి గాలితో, ఆయిలుతో చల్లబడుతూ అదే పద్ధతిలో నడుస్తున్నాయి. వీ-ట్విన్‌తో పుట్టిన హోండా ఆఫ్రికా ట్విన్ 2016లో ప్యారలల్ ట్విన్‌గానే తిరిగి వచ్చింది. రెండు సిలిండర్లకూ గాలి సమానంగా తగులుతుంది, హెడ్ ఒకటే, ఖర్చు తక్కువ. ఈ వాదనలో బలం ఉంది. కొత్తగా బండి కొనేవాళ్లకు తక్కువ శ్రమే ముఖ్యమైతే దాన్నే ఎంచుకోమని నేనూ అంటాను. కానీ అది వీ-ట్విన్‌ను పూర్తిగా రద్దు చేసే వాదన కాదు. 270 డిగ్రీల క్రాంక్‌కు కుదుపు తగ్గించడానికి అదనపు బ్యాలెన్స్ షాఫ్టు కావాలి, 90 డిగ్రీల వీకి అది అక్కర్లేదు. ఒక సిలిండర్ అంత సన్నగా ఉండే రెండు సిలిండర్ల ఇంజన్ ఇప్పటికీ వీ ఒక్కటే. అంతకంటే ముఖ్యంగా, ఇప్పటికే రోడ్ల మీద ఉన్న లక్షల వీ-ట్విన్‌లను కాపాడుకోవాల్సింది వాటి ఆకారాన్ని బట్టే గాని, వాటి స్థానంలో మరొకటి ఉంటే బాగుండేదన్న కోరికను బట్టి కాదు.

యంత్రం ఏదైనా అది పాడయ్యేది సగటు దగ్గర కాదు, ఎక్కువ భారం పడిన చోట. వీ-ట్విన్‌లో ఆ చోటు ఎక్కడుందో దాని ఆకారమే ముందుగా చెప్పేస్తుంది. ఇది లోపంగా కనిపించినా, బాగోగులు చూసేవాళ్లకు ఇంతకంటే విలువైన సమాచారం లేదు. ఆయిలు ఎప్పుడు మార్చాలి, బండిని ఎక్కడ ఎలా ఆపాలి, ఏ ప్లగ్ ముందు తీయాలి, ఏ అంకెను ఏడాదికేడాది రాసి పెట్టుకోవాలి అన్న ప్రశ్నలన్నిటికీ వెనక సిలిండర్‌ను దృష్టిలో పెట్టుకుంటే స్పష్టమైన జవాబులు దొరుకుతాయి. వెనకది బాగుంటే ముందుది బాగుంటుందని ధీమాగా ఉండవచ్చు. ముందుది బాగుందని వెనకదాని గురించి ధీమాగా ఉండే వీలు మాత్రం లేదు.